రెప్ప వేయని అర్జునుడు

పుంగనూరు నుంచి మదనపల్లికి పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక మెట్ట ఊళ్ళో తిమ్మప్పకు టమోటా తోట ఉంది, వేరుశనగ చేను ఉంది, నలుగురి సరసన కూర్చునే మర్యాదా ఉంది. అయినా రైతు తిమ్మప్ప ఇల్లెక్కడని అడిగితే ఆ ఊరివాళ్ళే తడుముకుంటారు. అర్జునుడి తిమ్మప్ప అనాలి. ఆ మాట అంటే చాలు, చేతిలో పని వదిలేసి ఇంటిదాకా వచ్చి దిగబెడతారు. దారి పొడుగునా ఆయన గొప్పలు మాత్రం వినక తప్పదు.

ఆ గొప్పలన్నీ ఆయన కంటిరెప్పల గురించే.

ఆ ప్రాంతంలో ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్ళలో ఎండాకాలం భారతం జరిపిస్తారు. పగలు హరికథ, రాత్రి నాటకం. మధ్యలో ఒక రోజు అర్జునుడి తపస్సు, అది పట్టపగలే. తాటిచెట్టంత ఎత్తు మాను ఒకటి పాతి, మెట్లు కొట్టి, కొసన మనిషి కూర్చునేంత పలక బిగిస్తారు. అర్జునుడి వేషగాడు మెట్టుకొక పద్యం పాడుతూ ఎక్కి, ఆ పలక మీద తపస్సుకు కూర్చుంటాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు పసుపునీళ్ళలో స్నానం చేసి, తడిచీరలతోనే మాను చుట్టూ పొద్దున్నుంచి పడుకుని ఉంటారు. తపస్సు ముగిశాక అర్జునుడు పైనుంచి విభూది, పూలు, చివరగా నిమ్మపండ్లు విసురుతాడు. వాళ్ళు లేచి మోకాళ్ళ మీద నిలబడి కొంగులు పడతారు. పండు పడిన కొంగు తల్లి కొంగు అవుతుందని నమ్మకం. నమ్మనివాళ్ళు కూడా ఆ తడిచీరలను చూసి నవ్వినట్టు ఎవరూ చెప్పరు.

తిమ్మప్ప ఆ మాను ఎక్కినన్నాళ్ళు ఆయనకు సాటి లేదు. పద్యం అందరూ పాడతారు. పలక మీద కూర్చున్నాక రెప్ప వేయకుండా ఉండడం ఆయన ఒక్కడికే చేతనయింది. నాటకం నేర్పిన గంగులయ్య కుర్రతనంలోనే ఆయనకు ఆ పిచ్చి ఎక్కించాడు. "తపస్సులో ఉండేవాడికి కంట్లో ఈగ వాలినా తెలీకూడదురా. నువ్వు రెప్పేసినావా, కిందుండే జనానికి అర్జునుడు కనపడడు, తిమ్మప్ప కనపడతాడు" అనేవాడు. తిమ్మప్ప చేను గట్టు మీద ఎదురుగాలికి కూర్చుని సాధన చేశాడు. కట్టెలపొయ్యి ముందు కూర్చుని చేశాడు. పెళ్ళయిన కొత్తలో మునిరత్నమ్మ ఆయన చూపు చూసి, ఏదో సోకిందనుకుని పుట్టింటికి పరిగెత్తబోయింది.

ఇప్పుడు వేషం వదిలేసి చాలా కాలమైంది. వయసు అరవై దాటింది. కళ్ళకు పొర వచ్చింది. పండిన టమోటాకూ దోరకాయకూ తేడా తెలియక ఒకే గంపలో వేసి కూలీల చేత నవ్వించుకున్నాడు. ఆస్పత్రికి పోదామని మునిరత్నమ్మ ఎన్నో సార్లు పోరితే వినని మనిషి, ఆ ఏడు తనంతట తనే చొక్కా తొడుక్కుని, "పద మదనపల్లికి" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

చెప్పకపోయినా కారణం ఉంది. తనతో నాటకాలకు హార్మోనియం వాయించిన కుప్పం మునస్వామి ఒక పెళ్ళిలో కలిసి, మాటల్లో మాటగా, "ఆ పొద్దు నిమ్మపండు కాడ గలాటా అయింది సూడు, ఆ ఎడమపక్క ఆయమ్మ మా పక్క ఊర్లోనే ఉండాది, ఆదిలక్ష్మమ్మ అంట" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి తిమ్మప్పకు ఒకటే ధ్యాస. పోయి ఆమె మొహం ఒకసారి చూడాలి. చూడాలంటే కన్ను కావాలి. అదీ ఆయన తొందర.

మదనపల్లిలో కంటి ఆస్పత్రి. ఉషారాణి అనే అమ్మాయి ఆయన గడ్డం ఒక మిషను మీద పెట్టించి, లోపల కనిపించే దీపాన్ని చూడమంది. ఒకసారి కొలత తీసింది. మళ్ళీ తీసింది. మొహం చిట్లించి మూడోసారి తీసింది. ఒక కొలతకూ ఇంకో కొలతకూ పొంతన లేదు. లేచి పోయి డాక్టరును పిలుచుకొచ్చింది.

డాక్టరు ఉమాశంకర్ వాయల్పాడు మనిషి, నెమ్మదస్తుడు. తిమ్మప్ప రెప్పలను వేలితో ఎత్తి చూశాడు. వెంట్రుకల మొదళ్ళలో పొట్టు కట్టి ఉంది. అంచులు ఎర్రగా మందంగా ఉన్నాయి. వేలితో నొక్కితే నూనె రావలసిన చోట పేరిన నెయ్యిలాంటిది కాస్త బయటికి వచ్చింది.

"ఏం రాసేవారు పెద్దాయనా కళ్ళకు?"

"వేషం కట్టేటప్పుడు మొగమంతా అర్దళం రంగు, కండ్లకు కాటుక. కడిగినాక ఆముదం ఏసుకుంటా. ఆముదం ఇప్పటికీ ఏస్తా ఉండాను సార్, సలవ."

"ఈరోజు నుంచి ఆపేయండి" అని డాక్టరు పసుపు రంగు చుక్క ఒకటి కంట్లో వేసి, నీలం దీపం పెట్టాడు. "ఇప్పుడు రెప్ప వేయకండి. ఆపగలిగినంత సేపు ఆపండి."

అడగవలసిన మనిషినే అడిగాడు. తిమ్మప్ప వెన్ను నిటారైంది. ఎన్నాళ్ళకో మళ్ళీ పలకెక్కినట్టు కూర్చున్నాడు. డాక్టరు చూస్తున్నాడు, ఉషారాణి చూస్తోంది, మునిరత్నమ్మ గర్వంగా చూస్తోంది. కన్ను కదలలేదు.

డాక్టరు మెచ్చుకోలేదు. "రెండు క్షణాల్లో నీటి పొర చెదిరిపోయింది. ఎవరికైనా ఈపాటికి మంట పుట్టి రెప్ప దానంతట అదే పడాలి. మీకు మంట తెలియడం లేదా?"

"ఆయన అర్జునుడు సార్" అంది మునిరత్నమ్మ.

డాక్టరు, "తపస్సుమాను ఎక్కేవారా?" అన్నాడు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళోనూ చూశాడట. తర్వాత మెల్లగా చెప్పాడు. శుక్లం ముదిరింది, తీసేయవచ్చు, అందులో కష్టమేమీ లేదు. కానీ లోపల పెట్టే లెన్సు కొలత కంటి పైపొరను చూసి తీసుకోవాలి. ఆ పైపొరే ఎండి పొడిబారి ఉంది. గాలికి కదిలే నీళ్ళలో మొహం చూసుకున్నట్టు మిషను ఒక్కోసారి ఒక్కో లెక్క చూపిస్తోంది. ఆ లెక్క నమ్మి లెన్సు పెడితే, ఆపరేషన్ ఎంత బాగా చేసినా చూపు మసకగానే మిగులుతుంది.

"పొద్దుగూకులూ నీళ్ళు కారతాండాయి, ఎండిపొయ్యిండాదంటారేంది సార్?"

"పనికొచ్చే తడి లేదు కాబట్టే పనికిరాని నీళ్ళు కారుతున్నాయి. రెప్పల్లో నూనె తయారయ్యే సందులు మూసుకుపోయాయి. ముందు వాటిని తెరిపించాలి." డాక్టరు మునిరత్నమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, రాత్రి నిద్రలో ఈయన కళ్ళు పూర్తిగా మూసుకుంటాయా?"

మునిరత్నమ్మ తల దించుకుంది. "ల్యా సార్. సగం తెరిసే ఉంటాయి. నాకు భయమై అటు తిరిగి పడుకుంటా."

చేయవలసింది చెప్పాడు. వేడినీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మూసిన కళ్ళ మీద పది నిమిషాలు ఉంచాలి. తర్వాత రెప్పను పైనుంచి వెంట్రుకల వైపు మెల్లగా ఒత్తాలి. వెంట్రుకల మొదళ్ళు తుడవాలి. చుక్కలు వేయాలి, పడుకునేటప్పుడు మందు రాయాలి. పగలంతా గుర్తుపెట్టుకుని రెప్పలు నిండా మూసి తెరవాలి. కొన్ని వారాలు ఇలా చేసి వస్తే మళ్ళీ కొలుస్తారు. కొలతలు రెండు సార్లు ఒకేలా వచ్చిన రోజే ఆపరేషన్.

తిమ్మప్ప సగం వినలేదు. పసుపు చుక్క కంట్లో ఇంకా ఉంది. గదంతా పసుపైపోయింది. మిషను పక్కన, ఉషారాణి నిలబడిన చోటికి కాస్త వెనకగా, తడిసిన పసుపుచీర ఒకటి నిలబడి ఉంది. చీర అంచు నుంచి నీళ్ళు నేల మీదికి కారుతున్నాయి. మొహం ఉండవలసిన చోట ఏమీ లేదు.

అది ఆయనకు కొత్త కాదు. కన్ను మూస్తే వచ్చే మనిషి ఆస్పత్రికి కూడా వచ్చిందే అనుకున్నాడు.

ఆ రోజు సంగతి ఇదీ. పుంగనూరు దాటాక ఒక పెద్ద ఊళ్ళో భారతం. ఎండ నిప్పులు చెరుగుతోంది. తపస్సు పూర్తయింది, నిమ్మపండ్లు విసురుతున్నాడు. చెమటకు నుదుటి మీది అర్దళం కరిగి రెండు కళ్ళలోకీ దిగింది. గొప్ప మంట. ఇంకెవరైనా అయితే గట్టిగా రెప్పలు ఆర్పి నులుముకునేవాడు. వేలమంది కింద నిలబడి ఆయన కళ్ళనే చూస్తున్నారు. తిమ్మప్ప రెప్ప వేయలేదు. కళ్ళు నిండిపోయి, కిందంతా ఒకటే పసుపు ముద్ద అయింది. ఆ ముద్దలోకి ఆఖరి పండు విసిరాడు.

ఇద్దరు ఆడవాళ్ళు ఒకే పండును పట్టుకున్నారు. కేకలు లేచాయి. నాదంటే నాదన్నారు. ఊరి పెద్ద ఒకాయన అందరినీ ఆపి, పైకి చూసి గొంతెత్తి అడిగాడు: "అర్జునా! నువ్వు సూస్తాండావు కదా. ఎవురి కొంగులో పడింది?"

చూడలేదని చెప్పవచ్చు. ఇంకో పండు విసిరితే గొడవ తీరేది. ఇంత చిన్న మాట ఆ పూట నోట రాలేదు. రెప్ప వేయని అర్జునుడికి కనబడలేదంటే జనం నవ్వుతారు. రెండు పసుపు మసకల్లో కుడివైపు దానికి చెయ్యి చూపించాడు.

కుడివైపు ఆమె పండు గుండెకు హత్తుకుని పరిగెత్తింది. మరుసటేడు కొడుకును ఎత్తుకొచ్చి కాళ్ళ మీద పడేసింది కూడా. ఎడమవైపు ఆమె గలాటా చేయలేదు, ఏడవలేదు. నీళ్ళు కారే చీరతో నిలబడి పైకి చూసింది. అందరూ పోయినా చాలాసేపు చూసింది; కళ్ళ మంట తీరని ఆయనకు అదీ మసకగానే కనిపించింది. ఆమె మొగుడు ఇంకో పెళ్ళి చేసుకున్నాడనీ, ఆమె ఎక్కడో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయిందనీ తర్వాత తెలిసింది. ఆ తర్వాత తిమ్మప్ప కన్ను మూస్తే చాలు, మాను కింద ఆ చీర. మొహం మాత్రం ఎప్పుడూ లేదు. ఆ రోజు ఆయన కంటికి అందనిది కలలో ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకని కన్ను మూయడం తగ్గించాడు. జనం దాన్ని కూడా సాధన అనుకున్నారు. మన జనానికి పొగిడేందుకు ఏదో ఒకటి దొరకాలి, అంతే.

ఇంటికొచ్చాక మునిరత్నమ్మ డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేసింది. అరుగు మీద కూర్చోబెట్టి, వేడి గుడ్డ పిండి కళ్ళ మీద వేసి, పొయ్యి దగ్గరికి పోయేది. ఆమె అటు పోగానే తిమ్మప్ప ఇటు గుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకునేవాడు. ఆమె గాజుల చప్పుడు వినబడగానే మళ్ళీ కప్పుకునేవాడు. చుక్కలు వేయించుకున్నాడు, మందు రాయించుకున్నాడు, ఆముదం మానేశాడు. కళ్ళు మూయడం ఒక్కటీ చేయలేదు. అరవై దాటిన మనిషి బడిపిల్లాడిలా దొంగాటలాడాడు.

చెప్పిన వారాలు గడిచాక మదనపల్లికి పోయారు. ఉషారాణి కొలిచింది. మళ్ళీ కొలిచింది. డాక్టరు కాగితాలు చూసి, "కొంచెం మేలు, కానీ కొలత నిలవడం లేదు. రెప్పల నూనె ఇంకా గడ్డగానే ఉంది. గుడ్డ వేస్తున్నారా?" అన్నాడు.

"రెండు పూటలా ఏస్తాండాను సార్. సల్లారకుండా మళ్ళా మళ్ళా ముంచి ఏస్తాండాను" అంది మునిరత్నమ్మ.

డాక్టరు తిమ్మప్పను చూశాడు. తిమ్మప్ప గోడ మీది క్యాలెండరును చూశాడు, అది ఆయనకు కనబడదని అందరికీ తెలిసినా.

"పెద్దాయనా, నాకు తొందర లేదు. మీకు ఉంటే కళ్ళు మూయండి" అన్నాడు డాక్టరు.

తిరుగు బస్సు మదనపల్లి దాటక ముందే మునిరత్నమ్మ అందుకుంది. "ఏమయ్యా, గుడ్డ తీసేస్తాండావు కదా? నేనేమన్నా గుడ్డిదాన్నా? నువ్వే గుడ్డోడివై కూసుంటావు. యాల మూయవు కన్ను? ఏముండాది ఆ రెప్పల కింద?"

పక్క సీటువాళ్ళు తిరిగి చూశారు. తిమ్మప్ప కిటికీ వైపు తిరిగి, గొంతు తగ్గించి, అంతా చెప్పాడు. అర్దళం కరగడం, పసుపు ముద్ద, కుడివైపు చూపించిన చెయ్యి, ఎడమవైపు చీర. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోటి నుంచి బయటికి రావడం అదే మొదలు.

మునిరత్నమ్మ చివరిదాకా వింది. ఆ తర్వాత, "అయితే ఇన్నేండ్లు నా పక్కన పడుకోని ఇంకో ఆడదాన్ని సూస్తాండావన్నమాట" అంది. నవ్వడానికే అన్నట్టుంది కానీ కళ్ళు తుడుచుకుంది. ఆమెకు కోపం వచ్చింది, జాలి వేసింది, సగం తెరిచిన ఆ కళ్ళకు భయపడి అటు తిరిగి పడుకున్న రాత్రులన్నీ గుర్తొచ్చాయి. ఏది ముందో ఆమెకే తెలియలేదు.

ఆ సాయంత్రం గుడ్డ వేసి ఆమె పొయ్యి దగ్గరికి పోలేదు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, గుడ్డ మీద తన అరచెయ్యి పెట్టింది.

"మూసినావా?"

"మూసినా."

"వచ్చిండాదా?"

"వచ్చిండాది. మాను కాడ నిలబడుండాది."

"నిలబడనీ. ఏం సేస్తాండాది?"

"ఏమీ సేయలా. నీళ్ళు కారతాండాయి."

"కారనీలే. నేను ఈడనే ఉండాను."

ఆయన చేతులు రెండూ పైకి లేచాయి, గుడ్డ లాగేయడానికి. ఆమె వాటిని కూడా పట్టుకుంది. ఆ మొదటి రోజు పది నిమిషాలు ఆయనకు ఎండలో మాను మీద కూర్చున్నప్పటికంటే పొడుగయ్యాయి. గుడ్డ తీసేసరికి బనీను చెమటతో తడిసిపోయింది. ఆయన ఒళ్ళు వాసన చూసుకున్నాడు. పసుపు వాసన వస్తోందన్నాడు. మునిరత్నమ్మ కూడా మొహం దగ్గరికి తెచ్చి చూసి, ఏమీ లేదంది. తర్వాత లోపలికి పోయి దేవుడి ముందు దీపం పెద్దది చేసి వచ్చింది.

అలా రోజూ జరిగింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, అరుగు మీద మొగుడూ పెళ్ళామూ కూర్చుని మూడో మనిషి గురించి మాట్లాడుకునేవాళ్ళు. "ఉండాదా?" "ఉండాది." "దగ్గిరికి వచ్చిందా?" "ల్యా, ఆడనే." ఆ దారిన పోయే ఆడవాళ్ళు, ఈ వయసులో ఏం ముచ్చట్లమ్మా అని మేలమాడారు. మునిరత్నమ్మ కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. ఏం ముచ్చట్లో చెబితే వాళ్ళు ఆ దారిన నడిచేవాళ్ళు కాదు.

రెప్పలు మెత్తబడ్డాయి. ఎరుపు తగ్గింది. గుడ్డ తీశాక ఒత్తితే పేరిన నెయ్యి బదులు తేట నూనె రావడం మొదలైంది. పగలు కూడా తిమ్మప్ప మామూలు మనుషుల్లా రెప్పలు ఆర్పుతున్నాడు. అర్జునుడు పోయి తిమ్మప్ప కనబడుతున్నాడని ఊళ్ళో ఒకరిద్దరు చప్పరించారు.

మూడోసారి మిషను దగ్గర ఉషారాణి నవ్వింది. కొలత, దాని మీద కొలత, అచ్చం ఒకేలా వచ్చాయి. వారం తిరిగి మళ్ళీ వచ్చినా అవే వచ్చాయి. డాక్టరు ముందు కుడికన్ను చేశాడు, తర్వాత ఎడమకన్ను. ఆపరేషన్ బల్ల మీద కంటికి వెలుగు తప్ప ఏమీ కనబడలేదు. ఆ వెలుగు మధ్యలో కూడా చీర కొంగు ఒకటి కదిలిందని తిమ్మప్ప తర్వాత చెప్పాడు. ఎవరూ నమ్మలేదు, మునిరత్నమ్మ తప్ప.

చూపు వచ్చింది. పండు ఏదో దోర ఏదో తోట గట్టు మీద నుంచే చెప్పేస్తున్నాడు. మునిరత్నమ్మ బుగ్గ మీద మచ్చను చూసి, ఇదెప్పుడొచ్చిందే అన్నాడు. వచ్చి పదేళ్ళయింది. అంతా బాగానే ఉంది. కన్ను మూస్తే మాత్రం ఆ చీర మాను కిందే నిలబడి ఉంది, మొహం లేకుండా.

ప్రయాణానికి ఇంక భయం లేదని డాక్టరు చెప్పాక కుప్పం బయలుదేరారు. పుంగనూరు, పలమనేరు, ఆ పైన మలుపులు. దారి పొడుగునా తిమ్మప్ప పెదవులు కదులుతూనే ఉన్నాయి. పూర్వం పద్యాలు వల్లించుకున్నట్టు ఒకే మాట వల్లించుకున్నాడు. ఆ పొద్దు నేను సూడలేదు తల్లీ, నా కంట్లో రంగు పడిండాది, తప్పు సెప్పినా.

"అంతే సెప్పు. కాళ్ళు పట్టుకో. లేసొచ్చేద్దాం" అంది మునిరత్నమ్మ. ఆ మాట చెప్పేస్తే ఆ చీర కూడా ఆమెకే ఇచ్చేసి రావచ్చని ఇద్దరి ఆశ.

మునస్వామి బస్సు స్టాండుకు వచ్చి ఊరిదాకా తీసుకుపోయి, ఇల్లు చూపించి, తనకు పని ఉందని తప్పుకున్నాడు. పంచలో ఒక ముసలామె చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కుప్ప, పక్కన రాయి, చేతిలో చిన్న సుత్తి. అలికిడికి తలెత్తింది.

తిమ్మప్ప గడప బయటే ఆగిపోయాడు. కోల మొహం. ముక్కుపుడక తీసేసిన చోట చిన్న గుంట. గడ్డం కింద పుట్టుమచ్చ. పై పెదవి మీద ముడతలు. ఇన్నేళ్ళు ఖాళీగా ఉన్న చోట ఒక్కొక్కటీ వచ్చి కూర్చుంది.

ఆమె కూడా ఆయన్నే చూసింది. సుత్తి కింద పెట్టింది. "అర్జునుడు కదా నువ్వు? ఆ కండ్లు మర్సిపోతానా అప్పా! రా, కూసో. అమ్మా, నువ్వూ కూసో."

కూర్చున్నారు. ఆమె లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. తిమ్మప్ప చెంబు పట్టుకున్నాడు కానీ తాగలేదు. మాట గొంతులోకి తెచ్చుకున్నాడు. ఆమె ముందే మొదలుపెట్టింది.

"ఆ పొద్దు సంగతి నీకు యాడ గుర్తుంటాది, ఎన్ని ఊర్లు సూసినావో. నాకు మాత్రం ఆ పండు నా కొంగుకే తగిలినట్టు ఉన్నింది. ఇంటికొచ్చి కూడా ఆ తడికొంగు పట్టుకోని సూసుకుంటా ఉన్నింటి. ఆయప్ప ఇంకొకదాన్ని తెచ్చుకున్న్యాడు. నాది నాకు కాకుండా పెరుక్కున్యారని శానా దినాలు పిచ్చిదాని మాదిరి తిరిగినానప్పా. బావి కాడికి కూడా పొయ్యింటి. మా అవ్వ ఎనకాలే వచ్చి ఒక మాట అనింది. పైన కూసున్నోడు రెప్పేసేవాడు కాదు మే, ఆయన కన్ను గప్పి ఆడ ఏమీ జరగలా, నీది కాదన్న్యాడంటే నీది కాదు, అనింది. ఆ మాటతో నా మనసు నిలిసింది. బావి కాడి నుంచి లేసొచ్చినా. మా తమ్ముని బిడ్డలిద్దర్నీ సాకినా, పెండ్లిండ్లు సేసినా. నాది కాని దానికి ఏడ్సేదేముండాది?"

మునిరత్నమ్మ మొగుడి వైపు చూడలేక చింతగింజలను చూస్తోంది.

ఆదిలక్ష్మమ్మ కాస్త ముందుకు వంగింది. ముసలి కళ్ళు ఆయన కళ్ళ మీద నిలిపింది. "వయసైపోయినాక ఇట్ల అడగొచ్చో ల్యాదో. వచ్చినావు గాబట్టి అడగతాండా. బాగా సూసే సెప్పినావు కదప్పా?"

వల్లించుకున్న మాట నాలుక మీదే ఉంది. రెండు నెలల అలవాటుకు రెప్పలు పడబోతున్నాయి. ఇప్పుడు రెప్ప పడితే ఆమె చూస్తుంది. తిమ్మప్ప నిటారుగా కూర్చున్నాడు. కొత్త కన్నులు రెండూ విప్పి ఆమె కళ్ళలోకి చూశాడు. మంట పుట్టింది. ఇన్నాళ్ళు తెలియని మంట ఇప్పుడు బాగా తెలుస్తోంది. అయినా రెప్పలు ఆపాడు.

"సూసినా తల్లీ" అన్నాడు. "బాగా సూసే సెప్పినా."

"అంతే కదా" అంది ఆదిలక్ష్మమ్మ. అని నవ్వి, చిన్నపిల్లలా తల ఊపి, సుత్తి అందుకుంది. "మజ్జిగ తాగప్పా, ఎండన పడి వచ్చినావు."

ఆ అబద్ధం దయ అనాలో, ఆనాటి పిరికితనమే మళ్ళీ వేషం కట్టిందనాలో తిమ్మప్పకు తెలియలేదు. మజ్జిగ తాగి, ఇద్దరూ వచ్చి బస్సెక్కారు. పలమనేరు దాటాక చుక్కలు వేసే వేళయింది. మునిరత్నమ్మ సంచిలోంచి సీసా తీసి, ఆయన తల వెనక్కి వంచి, ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వేసింది. "మూయ్" అని, మూసిన రెప్పల మీద అరచెయ్యి పెట్టింది. బస్సు మలుపు తిరుగుతోంది.

"ఉండాదా?" అంది మెల్లగా.

"ఉండాది."

"నీళ్ళు కారతాండాయా?"

"కారతాండాయి." "ఇప్పుడు మొహం కూడా వచ్చిండాది మునిరత్నా. నన్ను నమ్మి నవ్వతాండాది."

పుంగనూరు వచ్చేదాకా ఆమె ఆ చెయ్యి తీయలేదు.